కార్జంలో నీటిబుడ్డ

నరసరావుపేటలో ఖాదర్ వలి మాంసం కొట్టంటే అందరికీ గురి. ఇరవయ్యేళ్ళుగా అతని తక్కెట్లో రోగపు మాంసం తూగలేదని జనం నమ్మకం. నమ్మరూ మరి? కార్జంలో నీటిబుడ్డ కనబడితే చాలు, గిరాకీ తల తిప్పేలోపు చెక్కేసి బల్ల కిందున్న కుక్కకు వేసేవాడు.

రెండో ప్రపంచయుద్ధం ఇంకా నడుస్తున్న రోజుల్లో, అతని తొమ్మిదేళ్ళ కూతురు అబిదాకు కుడి డొక్కలో గడ్డ లేచింది. చీముగడ్డే, సూది గుచ్చి లాగేస్తే సరి అన్నారు అందరూ. డాక్టరు శివరామయ్య మాత్రం పొట్ట తట్టి చూసి ఆగిపోయాడు.

"ఇది పురుగు పెట్టే నీటిబుడ్డేమోనని అనుమానం. అదైతే సూది గుచ్చామా, ఆ నీళ్ళు లోపల చిమ్మి పిల్ల అక్కడికక్కడే పోవచ్చు. చీముగడ్డైతే గుచ్చకపోయినా పిల్ల దక్కదు. ఆ పురుగు ఒంట్లో ఉంటే నెత్తురు దాన్ని గుర్తుపడుతుంది. గొర్రె బుడ్డలోని నీళ్ళు వడగట్టి చర్మంలో చుక్క ఎక్కిస్తే దద్దురు లేస్తుంది. మద్రాసు నుంచి తెప్పించే వ్యవధి లేదు. నీ గొర్రెల్లో ఆ బుడ్డలు వస్తాయా ఖాదరూ?"

డాక్టరుగారి వరండా నిండా అతని గిరాకీలే. ఖాదర్ వలి నోరు అలవాటుగా తెరుచుకుంది.

"నా కాడ అట్టాంటియ్యి రావు డాక్టరుగారూ. అన్నీ కడిగిన ముత్యాలే."

"అయితే చేసేదేం లేదు. మధ్యాహ్నం సూదే."

ఛీ, మనిషికి పరువెంత తీపి! గుమ్మం దాకా వెళ్ళాడు గానీ కాళ్ళు ముందుకు పడలేదు. లోపల భార్య హజ్రా బీ, సూది నొప్పి పుట్టదులే అని పిల్లకు సర్దిచెబుతోంది. సిగ్గు కన్నా భయం పెద్దదైపోయింది. వెనక్కొచ్చి, జనం వింటుండగానే అన్నాడు.

"అబద్ధం చెప్పా అయ్యగారూ. వస్తయ్. చానా వస్తయ్. ఎవురికీ కనపడకుండా తీసేస్తా. ఇయ్యాల్టి కార్జంలో గూడా ఉంది."

"పరుగెత్తు. పగలనివ్వకు!"

అతను తెచ్చిన బుడ్డలోని నీళ్ళు వడగట్టి, శుద్ధి చేసి, అబిదా ఎడమ చేతికి ఒక చుక్క ఎక్కించారు. కుడి చేతికి ఉత్త ఉప్పునీళ్ళు. అందరూ గడియారం వైపే చూస్తున్నారు. హజ్రా బీ పిల్లకు నీళ్ళు తేవడానికి వెళ్ళింది.

"తీసేసినవి ఏం చేస్తావు?" శివరామయ్య అడిగాడు.

"మా కుక్కకేస్తా. అబిదా పొద్దస్తమానం దాంతోనే ఆడద్ది."

"అవి తిన్న కుక్క పేగుల్లో పురుగు పెరుగుతుంది ఖాదరూ. దాని గుడ్లు బొచ్చుకంటుకుంటాయి. కుక్కను నిమిరిన చేత్తోనే పిల్ల అన్నం తింటుంది."

పది నిమిషాలకు ఎడమ చేయి ఎర్రబడింది. ఇరవయ్యో నిమిషానికి రూపాయి బిళ్ళంత దద్దురు లేచింది. కుడి చేయి మామూలుగానే ఉంది.

"సూది వద్దు! గుంటూరులో కోసి, పగలకుండా తీయిద్దాం. బతికించుకోవచ్చు."

చెంబుతో వచ్చిన హజ్రా బీ ఆ మాట విని ఏడుస్తూనే నవ్వింది. "యా అల్లా! నా బిడ్డకి ఈ మాయదారి పురుగు యాడ తగిలింది డాక్టరుగారూ?"

శివరామయ్య చూపు తిప్పుకున్నాడు. ఆయన ఏదో చెప్పబోయేలోపే ఖాదర్ వలి అన్నాడు.

"ఇంట్లోనే హజ్రా. నేనే పెట్టా."