ఆయన బొటనవేలు, నా గేమ్‌ప్యాడ్

మా ఆయన ఉద్యోగం రోజంతా లినక్స్ సర్వర్లతో, అంటే విండోస్‌లాంటిదే ఇంకో రకం సిస్టమ్‌తో నడిచే పెద్ద కంప్యూటర్లతో. ఇంట్లో ఆ పేరు వినిపిస్తే నాకు ఒళ్ళు మండేది. పెళ్ళయిన దగ్గర్నుంచీ నా వంట చల్లారిపోవడానికి సగం కారణం అదే. అలాంటిది నేను, మందుల షాపులో చీటీలు చూసి మందులు కట్టిచ్చే దాన్ని, ఒక శనివారం మధ్యాహ్నం ఇంగ్లండ్‌లో, నాటింగ్‌హామ్‌లోని మా ఫ్లాట్‌లో కూర్చుని, రెండు చేతులతో పట్టుకుని వీడియో గేములు ఆడే ఒక గేమ్‌ప్యాడ్‌ని ఆ లినక్స్ లాప్‌టాప్ చేత గుర్తుపట్టించడానికి నానా తిప్పలూ పడ్డాను. అన్నీ తెలిసిన మనిషి నాలుగడుగుల దూరంలో సోఫాలో కూర్చుని కిటికీలోంచి కార్ పార్కు చూస్తున్నారు.

అక్కడిదాకా ఎలా వచ్చిందో చెప్పాలి. ఆ చలికాలం ఒక పొద్దున్న బస్సు వెళ్ళిపోతోందని పరుగెత్తి, పేవ్‌మెంట్ మీద మంచు గడ్డకట్టిన చోట జారిపడ్డారు. కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు. కట్టు విప్పాక ఎముక అతుక్కుంది గానీ బొటనవేలు మొండికేసింది. వంగదు, పక్కకి జరగదు. ఆస్పత్రిలో చేతులకి వ్యాయామం నేర్పే థెరపిస్ట్ ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఈ రెండు మూడు నెలల్లో బాగా కదిపితేనే వేలు తిరిగి వస్తుంది, బద్ధకిస్తే ఇలాగే బిగుసుకుపోతుంది అంది.

బొటనవేలు లేకపోతే ఏం పోతుందో అప్పటిదాకా నేను ఆలోచించలేదు. అన్నం కలుపుకోవడం పోతుంది. తెనాలి దగ్గర పుట్టి, వేడన్నంలో పచ్చడి వేలితో నలిపి కలిపితే తప్ప తిన్నట్టు లేదనే మనిషి, ఎడమచేత్తో చెంచా పట్టుకుని, అదీ నేను వంటింట్లో ఉన్నప్పుడు చూసి, గబగబా తినేసేవారు. బర్మింగ్‌హామ్‌లో ఉండే మాకు తెలిసిన ఆంటీ ఒకరు భోజనానికి రమ్మని రెండుసార్లు ఫోన్ చేశారు. "చెయ్యి బాగయ్యాక వస్తాం లెండి ఆంటీ" అని ఫోన్ పెట్టేసి, నా వైపు తిరిగి "అది బాగయ్యేదీ లేదు, మనం వెళ్ళేదీ లేదు" అన్నారు. కోపంగా అని ఉంటే నేనూ నాలుగు అనేదాన్ని. మామూలుగా అన్నారు. నాకు భయం వేసింది.

థెరపిస్ట్ ఒక నీలం రంగు ముద్ద ఇచ్చింది, చపాతీ పిండిలా ఉంటుంది. రోజుకి మూడుసార్లు బొటనవేలితో నొక్కాలి. ఆయన దాన్ని సొరుగులో పెడితే నేను తీసి బల్ల మీద పెట్టేదాన్ని. మళ్ళీ సొరుగులోకి పోయేది.

"నేనేమన్నా చిన్నపిల్లాణ్ణా?" అన్నారు ఒకరోజు.

"చిన్నపిల్లలైతే ఈపాటికి బాగయ్యేది. చెప్పిన మాట వింటారు" అన్నాను.

ఆయన లేచి ముద్దని మళ్ళీ సొరుగులో పడేశారు.

తర్వాతి అపాయింట్‌మెంట్‌లో నేను సిగ్గు వదిలేసి, పిల్లాడి మీద టీచరుకి చెప్పినట్టు అన్నీ చెప్పేశాను. ఆ అమ్మాయి నవ్వి, ఆయనకి ఇష్టమైనది ఏంటని అడిగింది. కాలేజీ హాస్టల్లో క్లాసులు ఎగ్గొట్టి కార్ల రేసులు ఆడేవారట అని నేనే చెప్పాను. "ఇంకేం, గేమ్‌ప్యాడ్ కొనండి. దాని మీద బొడిపెలా ఉండే స్టిక్ తిప్పేది బొటనవేలితోనే కదా" అంది. ఆ సాయంత్రమే కొన్నాను.

ఇంటికి తెచ్చిన వెంటనే చేసిన పని దాన్ని చుట్టబెట్టడం. మా ఇళ్ళల్లో రిమోట్ అన్నాక ప్లాస్టిక్ కవరు, రబ్బరు బ్యాండు ఉండాల్సిందే. టీవీ పాడైపోయి మూలనపడ్డా రిమోట్ మీద అంకె చెరగదు. గేమ్‌ప్యాడ్‌కి సరిపోయే కవరు లేక, వంటింట్లోంచి గిన్నెల మీద కప్పే పల్చటి ప్లాస్టిక్ పొర, క్లింగ్ ఫిల్మ్ తెచ్చి, స్టిక్‌ల చుట్టూ కూడా ముడతల్లేకుండా లాగి బిగించాను. చూడముచ్చటగా వచ్చింది.

ఇక లాప్‌టాప్. ఆయనదే, పాతది, లినక్స్ తప్ప ఇంకోటి లేదు. ఉచితంగా దొరికే ఒక కార్ల రేసు ఆట నెట్‌లోంచి దించుకున్నాను. వైరు పెట్టగానే గేమ్‌ప్యాడ్‌లో ఎర్ర లైటు వెలిగింది. ఆటకి మాత్రం ఏమీ పట్టలేదు. ఇంటర్నెట్‌లో అడిగితే ఎవరో పుణ్యాత్ముడు, ముందు కంప్యూటరుకైనా కనిపిస్తోందో లేదో చూడమని, టైపు చెయ్యడానికి ఒక లైను రాసిచ్చాడు. అక్షరం అక్షరం చూసి కొట్టాను. వచ్చిన జాబితాలో గేమ్‌ప్యాడ్ పేరు ఉంది. డాక్టరు గారి గిలుకుడు రాతలో మందు పేరు దొరికినంత సంతోషం వేసింది. గేమ్‌ప్యాడ్ మధ్య బటన్ ఐదు సెకన్లు నొక్కి పడితే అది పనిచేసే పద్ధతి మారుతుందని ఇంకొకరు చెప్పారు. నొక్కితే లైటు పచ్చగా మారింది. అయినా ఆట ఉలకదు, పలకదు. కంప్యూటరుకి కనిపించేది ఆటకి ఎందుకు కనిపించదు? "నీకేం రోగం!" అని లాప్‌టాప్‌ని పైకే తిట్టాను.

"పర్మిషన్" అని వినిపించింది సోఫాలోంచి.

"ఏంటీ?"

"ఆ ఆటని విడిగా ఒక డబ్బాలో పెట్టినట్టు పెడుతుంది సిస్టమ్. బయటి వస్తువులు చూడ్డానికి దానికి పర్మిషన్ లేదు. సెట్టింగ్స్‌లో ఇవ్వు."

నా వైపు తిరగలేదు. కానీ రెండు వారాల్లో ఆయన నోటినుంచి వచ్చిన పెద్ద మాట అదే. ఎక్కడుందో వెతికి ఇచ్చాను. కారు కదిలింది. నేను కేక పెట్టాను.

కదిలింది గానీ, ఎంత తిప్పినా ఎడమవైపుకే పోయి గోడకి గుద్దుకునేది. స్టిక్ ఎటుందో తెరమీద ఒక చుక్కతో చూపించే చిన్న కిటికీ ఉంటుంది లినక్స్‌లో. నేను చెయ్యి తీసేసినా అందులో చుక్క మధ్యలో నిలవదు. సరిచేస్తే అటు, మళ్ళీ సరిచేస్తే ఇటు. ఆదివారం కూడా అదే పని. లినక్స్‌ని, దాన్ని కనిపెట్టినవాళ్ళని, దాంతో ఉద్యోగం చేసేవాళ్ళని కలిపి దులిపేస్తుంటే ఆయన లేచి వచ్చారు.

"ఇలా ఇవ్వు."

ఎడమచేత్తో తీసుకుని ఒక్క క్షణం చూశారు. గోటితో క్లింగ్ ఫిల్మ్ అంచు పట్టి పీకేశారు. బిగించిన ఫిల్మ్ స్టిక్‌ని ఒక పక్కకి లాగుతోంది, అంతే. తెరమీద చుక్క బుద్ధిగా మధ్యలోకి వచ్చి కూర్చుంది.

"సిస్టమ్‌ది తప్పేం లేదు. నువ్వు దీనికి కూడా చొక్కా తొడిగావు" అన్నారు. అని నవ్వారు. కళ్ళు తుడుచుకునేంత నవ్వు. నాకు తలకొట్టేసినట్టు అయింది గానీ, ఇంకా పది ఫిల్మ్‌లు చుట్టి పీకించుకుందామా అన్నంత ఆనందం కూడా వేసింది.

ఆటలో కారు తిప్పేది ఎడమ స్టిక్. దాన్ని కుడికి మార్చాలి. ఏం రాయాలో ఆయన చెప్తుంటే నేను ఒక ఫైల్లో రాశాను. "కుడికి ఎందుకు?" అని ఆయన అడగలేదు. గేమ్‌ప్యాడ్ పట్టుకున్నారు. బొటనవేలు స్టిక్ మీద వణికింది, ఒక వెంట్రుకవాసి కదిలింది. కారుకి అది చాలలేదు, నేరుగా పోయి గోడని కొట్టింది. మూడుసార్లు చూసి గేమ్‌ప్యాడ్ బల్ల మీద పెట్టేశారు.

"చూశావుగా" అన్నారు.

చూశాను. నాకు ఏడుపొచ్చింది, ఆయన మీద కోపం కూడా వచ్చింది. మర్నాడు ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు అదే ఫైలు తెరిచి చూస్తే, స్టిక్ ఎంత కదిలితే కారు ఎంత తిరగాలో చెప్పే అంకె ఒకటి కనిపించింది. రెండు ఉంది. పది చేశాను. ఇప్పుడు ఊదినా కారు తిరుగుతుంది. సాయంత్రం బతిమాలి ఒక్క రేసుకి కూర్చోబెట్టాను. వేలు వెంట్రుకవాసి కదిలింది, కారు మలుపు తిరిగింది. ఆయన తెర చూడకుండా తన వేలు చూసుకున్నారు. పన్నెండు కార్లలో పన్నెండో స్థానంలో వచ్చారు. నేను అడక్కుండానే ఇంకో రేసు మొదలుపెట్టారు.

షాపులో కొన్ని మాత్రలు ఒక్కసారిగా ఆపకూడదని, వారం వారం కొంచెం తగ్గించమని చెప్పి ఇస్తాం. నేనూ ఆ అంకెతో అదే చేశాను. ప్రతి ఆదివారం ఆయన స్నానాల గదిలో ఉన్నప్పుడు దొంగలా ఫైలు తెరిచి ఒకటి తగ్గించేదాన్ని. తగ్గినకొద్దీ వేలు ఇంకాస్త వంగాలి. "ఈ కారేంటే, బరువెక్కింది?" అనేవారు. "టైర్లు అరిగుంటాయి" అనేదాన్ని. రేసులో పన్నెండో స్థానం నుంచి తొమ్మిదికి, తొమ్మిది నుంచి ఏడుకి వచ్చారు. థెరపిస్ట్ వేలు ఎంత వంగుతోందో కొలిచి, ఇంట్లో ఏం చేస్తున్నారో అదే చెయ్యండి అంది. నేను నా చెప్పులు చూసుకున్నాను.

అంతా బాగైపోయిందని చెప్పను. ఒకరోజు వంటింట్లోంచి చూస్తే చెంచా పక్కన పెట్టి కుడిచేత్తో పప్పన్నం కలుపుతున్నారు. సగం బల్ల మీద పడింది. చప్పుడు కాకుండా ఎడమచేత్తో ఎత్తి కంచంలో వేసుకున్నారు. నేను చూడనట్టు కుళాయి తిప్పాను.

పోయిన ఆదివారం ఆయన స్నానానికి వెళ్ళాక ఎప్పటిలాగే ఫైలు తెరిచాను. ఆరు ఉండాలి, ఐదు చెయ్యాలి. అక్కడ మూడు ఉంది. వేరే ఫైలు తెరిచానేమో అనుకున్నాను. కాదు, అదే. ఎప్పుడు మారిందో కూడా చూపిస్తుంది లినక్స్. బుధవారం మధ్యాహ్నం. ఆ టైముకి డ్యూటీల రోటా ప్రకారం నేను షాపులో ఉన్నాను, ఇంట్లో ఆయన ఒక్కరే.

రోజంతా ఇలాంటి ఫైళ్ళతోనే బతికే మనిషికి కారు ఎందుకు బరువెక్కిందో తెలియకుండా ఉంటుందా? ఎన్ని వారాలుగా తెలుసో. తెలిసీ టైర్ల మాట నమ్మినట్టు నటించారు. ఆరు దగ్గరే పళ్ళ బిగువున ఆడటం నేను చూశాను. మూడు అంటే ఎంత నొప్పో నాకు తెలుసు. ఎవరూ చెప్పకుండా, ఎవరూ చూడకుండా, ఆ నొప్పి తనే పెంచుకున్నారు. లోపల్నుంచి నీళ్ళ చప్పుడు వస్తోంది. కుర్చీలో అలాగే కూర్చుని చాలాసేపు ఏడ్చాను, ఇన్ని నెలల్లో మొదటిసారి సంతోషంతో. తర్వాత ఆ అంకెని ముట్టుకోకుండా ఫైలు మూసేశాను.