అంచు దగ్గర ఏమవుతుంది?

మా గైడుకి డిఫరెన్షియల్ ఈక్వేషన్లలో పెద్ద పేరు. మేం బోర్డు మీద ప్రూఫ్ రాస్తుంటే, పక్కనే డస్టరు పట్టుకుని నిలబడేవారు. పాఠమంతా ఇంగ్లీషులో చెప్పినా ఒక్క ప్రశ్న మాత్రం తెలుగులోనే అడిగేవారు: "అంచు దగ్గర ఏమవుతుందమ్మా?"

లోపలంతా చక్కగా కుదిరిన లెక్క హద్దు దగ్గరికొచ్చేసరికి కూలిపోయేది. మేం నోరు తెరిచేలోపే తుడిచేసేవారు. ఏళ్ల తరబడి నేను చేసిన పని అలాగే సుద్దపొడై ఆయన బూట్ల మీద రాలింది. ఇగ చాలని పీహెచ్‌డీ వదిలేసి, నానక్‌రామ్‌గూడలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరిన.

రిటైరయ్యాక ఆయన్ని ఓసారి మా ఆఫీసుకే ఉపన్యాసానికి పిలిచారు. ఇనుప రేకులో వేడి ఎలా పరుచుకుంటుందో బోర్డు నిండా రాశారు. ఇన్నేళ్లూ దాచుకున్న ప్రశ్నే, లేచి అడిగిన.

"అంచు దగ్గర ఏమవుతుంది సార్?"

ఆయన తిరిగి చూశారు, గుర్తుపట్టారు.

"మొదటి లైన్లోనే రాశానమ్మా," అన్నారు మెల్లగా. నిజమే, రాసే ఉంది. "నా ప్రశ్న పట్టుకుపోయావు. చదవడం మాత్రం ఇంకా రాలేదు."

మా టీమంతా నవ్వింది, మేనేజరు కూడా. ఆ రోజు ఆయన చేతిలో డస్టరు లేదు.