మెడ తిరగని ఈతగాడు

2022 ఎండాకాలం. నల్లగొండ బస్టాండు వెనక గల్లీలో, మెడికల్ షాపు పక్కన నా ఫిజియోథెరపీ క్లినిక్. మందులు, సూదులు లేకుండా కసరత్తులతోనే నొప్పులు తగ్గించే వైద్యం మాది. మోకాళ్లు అరిగిన ముసలివాళ్లు, పక్షవాతం వచ్చినవాళ్లు, హైవే మీద బండి పడి ఎముకలు విరిగినవాళ్లే ఎక్కువగా వస్తారు. అందుకే ఒక పొద్దున ప్రభాకర్ సారు భుజాన తడి టవల్‌తో వచ్చి, "మేడం, నేను ట్రయథ్లాన్‌కు తయారైతున్న" అంటే, ఆ మాట ఇంకోసారి చెప్పించుకున్నాను.

ముందు ఈత, వెంటనే సైకిల్, ఆ వెంటనే పరుగు. మూడూ ఒకే రోజు, ఆగకుండా. అదే ట్రయథ్లాన్. దసరా తర్వాత హైదరాబాద్ దగ్గర కొత్తవాళ్ల కోసం చిన్న దూరాలతో ఒకటి పెడుతున్నారట. ప్రభాకర్ సర్కారు బడిలో లెక్కలు చెప్తాడు. నలభై దాటింది. షుగర్ వస్తుందన్న భయంతో సైకిల్ కొని, నార్కట్‌పల్లి దాకా పోయి రావడం అలవాటు చేసుకున్నాడు. పరుగూ పట్టుబడింది. ఈత దగ్గరే ఆగిపోయాడు.

"దమ్ము సరిపోతలేదా సార్?"

"దమ్మున్నది మేడం. మెడనే తిరుగుతలేదు. మొకం పక్కకు తిప్పి గాలి తీస్కోమంటడు కోచ్. నేను తిప్పితే ఒళ్లంత మర్లుతది, నీళ్లు మింగుతున్న. జర ఆ పట్టు ఇడిపియ్యున్రి, చాలు."

భుజాలు కదలకుండా పట్టుకొని తల తిప్పమన్నాను. గడ్డం కొంచెం కదిలి ఆగిపోయింది. కండరం పట్టేస్తే చివర్లో రబ్బరులా కాస్త సాగుతుంది. ఇది గొళ్లెం పెట్టిన తలుపులా ఆగింది. తర్వాత రిఫ్లెక్స్ చూశాను. మోకాలిచిప్ప కింద చిన్న సుత్తితో తట్టి, కాలు ఎంత కదులుతుందో చూసే పరీక్ష అది. కాలు ఎగిరిపడింది.

"చూసిన్రా మేడం, ఎంత హుషారుగున్నయో కాళ్లు!" అని నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. కాలు అంతలా ఎగిరిందంటే పైన ఎక్కడో వెన్నుపాము నలుగుతుండవచ్చు. ఏ ఊరు సార్ అని అడిగాను. మునుగోడు దాటినంక ఒక పల్లె పేరు చెప్పాడు. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉన్న పల్లె. ఏళ్ల తరబడి ఆ నీళ్లు తాగితే ఎముకలు గట్టిపడి కీళ్లు బిగుసుకుపోతాయి. నేను పై మాట అనకముందే ఆయన అందుకున్నాడు.

"అది మా అక్కకు వచ్చింది మేడం. నేను చిన్నగున్నప్పుడే హాస్టల్‌కు పోయిన, దప్పిచ్చుకున్న. ఇప్పుడైతే కృష్ణ నీళ్లే వస్తున్నయి గదా."

ఎక్స్‌రే తీయించాను. మెడ ఎముకలు సున్నం పూసినంత తెల్లగా ఉన్నాయి. వాటిని పట్టి ఉంచే లిగమెంట్లు, అంటే మెత్తని పట్టీలు, ఎముకల్లాగే మారిపోయాయి. హాస్టల్‌కు పోకముందూ, చదువయ్యి ఊరికొచ్చాకా తాగిన ఆ బోరు నీళ్ల పనే ఇది. హైదరాబాద్‌లో పెద్ద డాక్టరు ఆపరేషన్ కావాలన్నాడు. సైకిల్ మీంచి ఒక్కసారి పడినా కాళ్లూ చేతులూ పడిపోవచ్చన్నాడు.

ప్రభాకర్ మళ్లీ నా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. "ఈత ఇడిసిపెడ్త మేడం. ఉరుకుడన్న చేయొచ్చా?"

"వద్దు సార్."

"మా ఊర్ల నలభై దాటినోడు ఉరకంగ నేనెన్నడు చూడలే. నా బడి పోరగాండ్లన్న చూస్తరనుకున్న." తర్వాత గొంతు తగ్గించి అన్నాడు: "మా అక్కకు మాత్రం చెప్పకున్రి. నరం పట్టిందని చెప్పిన. ఆ నీళ్ల నుంచి తమ్మున్నొక్కన్ని దప్పిచ్చిన అని అందరికి చెప్పుకుంటది మేడం."

అక్క పేరు మరియమ్మ. తల్లిదండ్రులు పోయాక ఒకరి చేన్లలో కూలి చేసి, తను పెళ్లి చేసుకోకుండా, తమ్ముణ్ని చదివించింది. ఆపరేషన్‌కు ముందు అతనితో పాటు వచ్చింది. అతను పక్క షాపులో మందులు కొంటుంటే నా ముందు కూర్చుంది. నడుము ఎంత వంగిందంటే, నా ముఖం చూడడానికి తలను పక్కకు వాల్చాల్సి వచ్చింది.

"నరం పట్టిందన్నడు. నిజమేనా బిడ్డా?"

నేను బల్ల మీది ఎక్స్‌రే కవరు సొరుగులో పెట్టాను.

"చెప్పకు తియ్యి. నాకెర్కనే. ఎనుకనుంచి పిలిస్తే మెడ తిప్పడు, మనిషే మర్లుతడు. నాకు గూడ గట్లనే షురువైంది."

"మరి ఆయనకెందుకు చెప్పలేదమ్మా?"

"సైకిలెక్కితే ఎంత సంబురపడుతడో నువ్వు చూడలే. ఇంకొన్ని దినాలు ఉండనీ అనుకున్న."

ప్రభాకర్ లోపలికి రాగానే గొంతు మార్చేసింది. "మేడం మంచిగ చేస్తదట రా, ఫికర్ జెయ్యకు."

ఆపరేషన్ నాటికే కాళ్లు పట్టు తప్పసాగాయి. దానితో చేతులు నిలిచాయి. కాళ్లకు మాత్రం పాత బలం రాలేదు. పోటీ జరిగిన రోజు ఆయన నా క్లినిక్‌లోనే ఉన్నాడు, రెండు కమ్మీల మధ్య నిలబడడం నేర్చుకుంటూ. "ఇయ్యాల్నే మేడం" అన్నాడు. ఏది అని నేను అడగలేదు. ఇంకో అడుగు వేయమన్నాను. వేశాడు.

మరుసటి ఏడు వానల్లో మరియమ్మ చనిపోయింది. మట్టి వేసే వేళ ప్రభాకర్ వాకర్ పట్టుకొని సమాధి పక్కన నిలబడ్డాడు. వంగలేకపోయాడు. నేనే గుప్పెడు మట్టి తీసి అరచేతిలో పెట్టాను. పాస్టర్ ప్రార్థన అయ్యాక నా వైపు మొత్తం మనిషే తిరిగి అన్నాడు:

"నాది గూడ నీళ్ల రోగమేనని అక్కకు ఆఖరుదాక తెల్వనియ్యలే మేడం. అదొక్కటే తృప్తి."

"అవును సార్" అన్నాను.

మెడ పట్టిందని ఎవరొచ్చినా, చిన్నప్పుడు ఏ ఊరి నీళ్లు తాగారని నేను ముందే అడుగుతాను. అది చదువుతో వచ్చింది. ఇంట్లో ఎవరికి ఏం తెలుసో, ఎవరు ఎవరి కోసం తెలియనట్టు ఉంటున్నారో మాత్రం అడగను. ఆ అక్కాతమ్ముళ్లను చూశాక, రోగం పేరు చెప్పడం వరకే నా పని అని నేర్చుకున్నాను.