నేను పెట్టిన టిక్కులు

ఎవరైనా మైకు పట్టుకుని "డిజిటల్ చదువుతో పల్లె పిల్లల తలరాత మారిపోయింది" అంటే నాకు ఒళ్లు మండుతుంది. మీటింగుల్లో ఈ మాట ఇప్పటికీ వింటూనే ఉన్నాను. మొన్న ఒకాయన అన్నప్పుడైతే కూర్చోలేక లేచి బయటికి వచ్చేశాను. పక్కనున్న టీచర్లు తలనొప్పేమో అనుకున్నారు. తలనొప్పి కాదు, కోపం. అందులో సగానికి పైగా నా మీద నాకే.

కరోనాకు బళ్లు మూసేసిన ఏడాది నేను అచ్చంపేట దగ్గర ఒక ఊళ్లో, సర్కారు బడిలో లెక్కలు చెప్పేదాన్ని. పాఠాలన్నీ టీవీలో, ఫోన్లో వస్తాయన్నారు. ఏ పిల్ల ఎట్లా చూసిందో ప్రతి సాయంత్రం కంప్యూటర్‌లో నింపడం మా పని. ఒక్కో పేరుకు నాలుగు గడులు: టీవీలో, స్మార్ట్‌ఫోన్‌లో, పక్కింట్లో, చూడలేదు. మొదటి వారం ఉన్నదున్నట్టు నింపాను. "చూడలేదు" గడిలో పన్నెండు మంది తేలారు. మర్నాడే మండల ఆఫీసు నుంచి మా పెద్దసారుకు ఫోన్ వచ్చింది. ఆయన నన్ను పిలిచారు.

"ఎందుకమ్మా లేనిపోని లొల్లి? మన మండలమే అందరికన్న కింద పడ్తదట. ఏదో ఒక గడిల టిక్కు కొట్టుండ్రి. దాంతోని పిల్లలకేం నష్టం?"

నిజం చెప్పాలి కదా, నాకూ నష్టమేమీ కనిపించలేదు. ఆ పన్నెండు మందికీ "స్మార్ట్‌ఫోన్" దగ్గర టిక్కు పెట్టేశాను. టీవీ అని పెడితే ఇంటికొచ్చి చూస్తారేమోనని భయం. ఫోనైతే ఎవరి జేబులో ఉందో ఎవడు చూడొచ్చాడు! అంత తెలివి నాది.

ఆ పన్నెండు మందిలో తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె ఉండేది. గొర్లు కాచుకునే ఇల్లు వాళ్లది. లెక్క నేను బోర్డు మీద సగం వేయకముందే జవాబు చెప్పేసి, పక్కవాళ్లను చూసి నవ్వేది. ఆగవే తల్లీ అని ఎన్నిసార్లు కసిరానో. వరికోతలయ్యాక వాళ్ల నాయిన మందను తోలుకుని హాలియా వైపు పోయేవాడు. అక్కడ సాగర్ కాలువ కింద కోసిన మళ్లలో మేత దొరుకుతుంది. గొర్ల పెంట పొలానికి బలమని రైతులు పిలిచి మరీ తమ మళ్లలో మంద పెట్టించుకుంటారు. ఏటా తల్లీ తండ్రీ పోయినా, పిల్ల అవ్వ దగ్గరే ఉండి బడికి వచ్చేది. ఆ ఏడు బడే లేదు కదా, ఇంట్లో ఉండి ఏం చేస్తుందని వెంట తీసుకుపోయారు.

ఇంటికంతటికీ ఒకటే ఫోన్, అదీ బటన్లది. రైతులు "మా పొలంలో పెట్టు" అని పిలిచేది ఆ నంబరుకే కాబట్టి అది మంద వెంటే ఉండాలి. అందులో పాఠం మాట దేవుడెరుగు, ఫొటో కూడా సరిగ్గా కనబడదు. నేనేమో రోజూ సాయంత్రం టీ తాగుతూ ఆ పిల్ల పేరు ఎదుట టిక్కులు పెడుతూనే ఉన్నాను. లెక్కలు చూసింది, సైన్సు చూసింది, ఇంగ్లీషు చూసింది.

చలి తగ్గుతుండగా ఒక కబురు వచ్చింది. ఎవరో దాతలు ఇంట్లో టీవీ, స్మార్ట్‌ఫోన్ లేని పిల్లలకు ట్యాబులిస్తారట. పాఠాలన్నీ అందులోనే ఉంటాయి, సిగ్నల్ లేకున్నా నడుస్తాయి. ఆ పిల్ల కోసమే చేసినట్టున్నాయి అనుకున్నాను. రెండ్రోజులకే హాలియా నుంచి ఫోన్.

"టీచర్, నేను. ట్యాబులిస్తున్నరట గద, పక్కింటోళ్ల ఫోన్ల అవ్వ చెప్పింది. నా పేరు రాసిండ్రా?"

"నీకు రాక ఇంకెవరికొస్తదే?"

తండ్రి ఫోన్ అందుకున్నాడు. "టీచరమ్మా, అదొస్తే మందకాడ్నే సదువుకుంటది, బడి తెరవంగనే తోలిస్త. రాకుంటే మాత్రం ఇగ మాన్పిస్త. ఏడాదంత పాయె. గింత ఎన్కబడ్డ పిల్లను పదో తరగతిల కూసోబెట్టి నవ్వులపాలు చెయ్యాల్నా?"

"ఫికర్ చెయ్యకు అన్నా, వస్తది" అన్నాను.

జాబితా వచ్చింది. మా బడి నుంచి మూడు పేర్లున్నాయి, ఆ పిల్ల పేరు లేదు. అరికాలి మంట నెత్తికెక్కింది. బస్సు కోసం కూడా ఆగకుండా ఆటో పట్టుకుని మండల ఆఫీసుకు పోయాను. కంప్యూటర్ ముందున్న ఆపరేటర్ మీద గుమ్మంలోనే మొదలుపెట్టాను.

"ఎవరయ్యా గీ పేర్లు రాసింది? ఊరు తెల్వదు, ఇల్లు తెల్వదు, ఏసీల కూసొని రాస్తరా?"

ఆ గదిలో ఏసీ లేదు, ఫ్యాన్ కూడా తిరగడం లేదు. అతను ఓపికగా విని, పిల్ల పేరడిగి, కంప్యూటర్ తెర నా వైపు తిప్పాడు.

"గీ పిల్లకు స్మార్ట్‌ఫోన్ ఉన్నదని మీరే రాసిండ్రు గద మేడమ్. ఒక్కరోజు గాదు, సూడుండ్రి."

చూశాను. నెలలకు నెలలు, ఒక్క రోజు తప్పకుండా టిక్కులు. ప్రతి పేజీ కింద నా పేరు. జాబితాలోకి వచ్చిన ముగ్గురూ నేను "పక్కింట్లో" అని నిజం రాసిన వాళ్లు.

"పొరపాటైంది, మార్చుండ్రి" అన్నాను.

"లాకైపోయింది మేడమ్. తప్పు రాసినమని మీ బడి నుంచి లెటర్ తెండ్రి, పైకి పంపుత."

నేను లెటర్ మాటెత్తగానే పెద్దసారు చేతులు జోడించారు. "గట్ల రాస్తే ఇన్ని నెలలు పంపిందంత అబద్ధమని ఒప్పుకున్నట్టే గదమ్మా. నా సర్వీసు జూసుకోవద్దా?" ఆయన పిరికితనానికి పళ్లు నూరాను. నూరి, నేనేం చేశాను? నాలుగు రోజులు ఆలోచించాను. నా సర్వీసు కూడా నాకు గుర్తొచ్చింది, ఇంకేం! ఐదో రోజు ఒక్కదాన్నే సంతకం పెట్టి లెటరిచ్చాను. అప్పటికే ట్యాబులు పంచేశారు, దండలూ ఫొటోలూ అయిపోయాయి.

ఫోన్లో చెప్పడానికి మొహం చెల్లలేదు. ఆదివారం దేవరకొండలో బస్సు మారి హాలియా పోయాను. కాలువ వంతెన దిగి, మంద ఎక్కడ పెట్టారని అడుగుతూ గట్ల వెంట నడిచాను. కోసిన మడిలో గొర్లున్నాయి, పసి గొర్రెపిల్లలను గంప కింద మూశారు. ఆ పిల్ల నన్ను దూరం నుంచే చూసి ఉరికొచ్చింది. నా మొహం చూడలేదు, నా చేతిసంచి చూసింది.

"తెచ్చిండ్రా టీచర్?"

తేలేదన్నాను. ఎందుకు తేలేదో కూడా చెప్పాను, ఏమీ దాచలేదు. తల్లి తెచ్చిన చెంబు చేతిలోనే పట్టుకుని తండ్రి విన్నాడు. నన్ను నాలుగు తిట్టినా బాగుండేది. ఆయన చెంబు నా చేతికిచ్చి, "ఎండల పడొచ్చిండ్రు, నీళ్లు తాగుండ్రి. బడి ముచ్చట మాత్రం ఇగ వద్దు టీచరమ్మా" అన్నాడు. అన్నట్టే మళ్లీ పంపలేదు.

పిల్ల మాత్రం అక్కడే నిలబడింది. ఏడుస్తుందేమోనని భయపడ్డాను. ఏడవలేదు, దానికి కోపమొచ్చింది.

"మంద పెట్టిన ఆసామి ఇంటికాడ కిటికీల నుంచి పదకొండు రోజులు టీవీ పాఠం జూసిన టీచర్. ఎన్క కరోనా అని కిటికీ మూసుకున్నరు. అదేమన్న రాసిండ్రా?"

"లేదు." అడిగితే కదా నాకు తెలిసేది! ఐదు నెలల్లో ఒక్కసారైనా ఆ నంబరుకు ఫోన్ చేసి అడగలేదు.

"అయితే మీ కంప్యూటర్ల నేను రోజూ అన్ని పాఠాలు విన్నట్టే గద? మరి ఏం విన్ననో జర చెప్పుండ్రి. ఒక్కటన్న చెప్పుండ్రి టీచర్."

ఆ పాఠాల్లో ఒక్కటి కూడా నేను చూడలేదు.