కోచ్ వెనక మోచేయి

ఆ శనివారం మధ్యాహ్నం పన్నెండు గంటల నలభై నిమిషాలకు నేనొక చీజ్ శాండ్‌విచ్ తిన్నాను. ఆకలేసింది, ఎవరో ఇచ్చారు, తిన్నాను. దాని వల్ల ఏడు నెలలు భయపడతానని అప్పుడు తెలియదు.

ఆ రోజుల్లో స్టూడెంట్ వీసా మీద వచ్చినవాళ్ళకి భయం కూడా ఒక కోర్సే. అమెరికాలో, పిస్కాటవే అనే ఊళ్ళో మేం ముగ్గురం ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. పెద్దవాడు లాయర్ అన్న (చదివేది కెమిస్ట్రీ, వీసా రూల్స్ కంఠతా వచ్చు కాబట్టి ఆ పేరు). రెండోవాడు వరంగల్ నుంచి వచ్చాడు. కనిపించిన ప్రతివాణ్ణీ "బావా" అని పిలిచి, చివరికి తనే అందరికీ బావ అయిపోయాడు. మూడోవాణ్ణి నేను. పుస్తకాల పురుగునని పేరు. ఎప్పుడో పోయిన ఒక గొప్ప కాలేజీ ఫుట్‌బాల్ కోచ్ జీవితం మీద సినిమా తీస్తున్నారనీ, స్టేడియంలో కూర్చోవడానికి జనం కావాలనీ క్యాంపస్‌లో కాగితం అంటించారు. "పా బావా, సినిమాల పడ్దాం" అన్నాడు బావ. ఇద్దరం వెళ్ళాం. ఒక ఫారం మీద సంతకం పెట్టించుకుని, దాని కాపీ చేతిలో పెట్టి, పాతకాలపు కోట్లిచ్చి, కోచ్ వేషం వేసినాయన వెనక మూడో వరసలో కూర్చోబెట్టారు. మన టీమ్ ఓడిపోతోంది, ఏడుపు ముఖాలు పెట్టండన్నారు. మా ఇద్దరికీ ఆ అమెరికా ఫుట్‌బాల్ ఆట తెలియదు. మన టీమ్ ఏదో పక్కాయన్ని అడిగి తెలుసుకుని మరీ ఏడ్చాడు బావ.

సాయంత్రం సంబరంగా లాయర్ అన్నకి చెప్పాం.

"డబ్బులిచ్చారా?"

"లేదన్నా."

"ఏమన్నా పెట్టారా?"

"శాండ్‌విచ్."

లాయర్ అన్న గరిటె కింద పెట్టాడు. "తిన్నావా?"

"తిన్నాను."

"అయిపోయావు రా. తిండి పెట్టి పని చేయించుకున్నా అది ఎంప్లాయ్‌మెంటే. పర్మిషన్ లేకుండా పని చేస్తే వీసా స్టేటస్ పోద్ది, పెట్టె సర్దుకోవడమే. పైగా నీ మీద సాక్ష్యం సినిమా హాళ్ళల్లో ఆడిద్ది."

"నేను సగమే తిన్న అన్నా" అన్నాడు బావ.

తెర మీద తమ ముఖం కనపడకూడదని మొక్కుకున్న నటులం బహుశా మేమిద్దరమే. బావ గడ్డం పెంచాడు. నేను విదేశీ విద్యార్థుల ఆఫీసు ముందు నుంచి వెళ్ళడం మానేసి చుట్టూ తిరిగి క్లాసుకి వెళ్ళేవాణ్ణి. మే నెలలో చదువు అయిపోయింది. ఉద్యోగం దొరికింది, కానీ దానికి అనుమతి కావాలంటే ఆ ఆఫీసుకే వెళ్ళాలి. అనుమతి లేకుండా ఎప్పుడూ పని చెయ్యలేదని అబద్ధం చెప్పి సంతకం పెట్టలేక, అక్కడి పెద్దావిడ ముందు కూర్చుని శాండ్‌విచ్ సంగతంతా చెప్పేశాను. పుస్తకంలో దాచిన ఫారం కాపీ కూడా ఇచ్చాను. ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని చూసింది.

"జీతం లేని వాలంటీర్ అని మొదటి లైన్‌లోనే ఉంది. చదవలేదా?"

చదవలేదు. ఏడు నెలలు నా దగ్గరే ఉంది. ఆ పుస్తకాన్ని రెండుసార్లు చదివాను గానీ, అందులో ఉన్న ఆ ఒక్క పేజీ చదవలేదు.

"ఆకలేస్తే అందరూ తింటారు, వెళ్ళు" అంది. బయట బావ నిలబడి ఉన్నాడు. "ఏమన్నది బావా?" "చదువుకోమంది" అన్నాను. సంగతి విని మెట్ల మీద కూలబడి కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వాడు. ఆ సాయంత్రమే గడ్డం తీసేశాడు. "ఫారం చూపించమని నేను అప్పుడే అన్నానుగా" అన్నాడు లాయర్ అన్న. (అనలేదు.)

సినిమా వచ్చేసరికి మా మొక్కు తిరగబడింది. ఇప్పుడు కనపడాలి. ముగ్గురం వెళ్ళాం. సరిగ్గా మా వరస వచ్చేసరికి కోచ్ టోపీ నాకు అడ్డమొచ్చింది. ఆయన భుజం పక్కన రెండు సెకన్లు ఒక మోచేయి కనిపించింది. "గదే! నా మోచెయ్యే!" అని బావ అరిస్తే హాలంతా వెనక్కి తిరిగింది.

తర్వాత ఏటా ఆకులు రాలేకాలంలో బావ మా ఇంటికొచ్చి, ఆ సినిమా పెట్టి, సరిగ్గా అక్కడ ఆపేవాడు. "చూడుండ్రి, కోచ్‌కి ధైర్యమిచ్చింది నేనే" అనేవాడు పిల్లలతో. "కానీ అంకుల్, ఆ గేమ్ వాళ్ళు లాస్ అయ్యారు" అనేది మా అమ్మాయి.

బావ కిందటి ఫిబ్రవరిలో చనిపోయాడు. మొన్న ఆకులు రాలుతుంటే ఆ సినిమా ఒక్కణ్ణే చూశాను. అది ఎవరి మోచేయో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ టోపీ వెనక, ఏడు నెలలు భయపడుతూ గడపబోయే కుర్రాడొకడున్నాడని మాత్రం తెలుసు. వాణ్ణి తలుచుకుని కొంచెం నవ్వుకున్నాను. ఇప్పుడు ఏ కాగితమైనా చదివాకే సంతకం పెడతాను. మా ఇంట్లో ఆ సినిమాని మోచేయి దగ్గర ఇప్పుడెవరూ ఆపడం లేదు.