యాదయ్య నాయిన చెప్పులు

తెలంగాణ వచ్చిన మూడో ఏడు. నల్గొండ బస్టాండు వెనక సందులో ఒక చిన్న క్లినిక్‌లో నేను సైకాలజిస్టును. చదువు కొత్త, కొంచెం పొగరు కూడా ఉండేది.

అప్పుడొచ్చాడు యాదయ్య. నలభై ఏళ్లుంటాయి, కాలేజీ బస్సు డ్రైవరు. ఎంత పని చెప్పినా మారు మాట్లాడడు గానీ, ఎవరైనా 'ఏంరా' అంటే చెయ్యి లేస్తుంది. ఆ మాటన్నందుకే యాదయ్య ఒక విద్యార్థి తండ్రి కాలరు పట్టుకున్నాడట. ఇంకోసారి జరిగితే ఉద్యోగం ఊడినట్టేనని యాజమాన్యం తేల్చేసింది. ఆ ఉద్యోగం మీదే అతని బిడ్డ చదువు నడుస్తోంది.

ఇమేజరీ రీస్క్రిప్టింగ్ చేద్దామనుకున్నాను. కోపానికి మూలమైన పాత సంఘటనను కళ్లు మూసుకుని మళ్లీ చూడటం, ఇప్పటి మనిషిగా అందులోకి వెళ్లి, అప్పుడు జరగాల్సింది జరిపించటం. ఇంతే.

మూడో సిట్టింగులో యాదయ్య కళ్లు మూసుకున్నాడు.

"ఏం కనిపిస్తోంది, చెప్పండి" అన్నాను.

"చెప్పులు."

నా మాటనే పట్టుకుని వెక్కిరిస్తున్నాడనుకున్నాను. ఒళ్లు మండింది. కోపం తగ్గించే మనిషికి కోపం! చెప్పులు కాదు, జరిగింది చెప్పమన్నాను కటువుగా.

"చెప్పులే మేడం. నాయిన చేతుల ఉన్నయి."

కలం పక్కన పెట్టి విన్నాను. ఎనిమిదేళ్లప్పుడు నాయిన వెంట దొర ఇంటికి పోయాడట. నాయిన చెప్పులు విప్పి, చేత పట్టుకుని వాకిట్లో నిలబడ్డాడట. నాయిన వయసులో సగం కూడా లేని దొర కొడుకు 'ఏంరా' అంటే, నాయిన తల దించుకుని నవ్వాడట. ఆ నవ్వే యాదయ్యను ఇన్నేళ్లూ కాల్చింది.

ఇప్పటి యాదయ్యను ఆ వాకిట్లోకి వెళ్లమన్నాను. దొర కొడుకును దులిపేస్తాడనుకున్నాను. అతనటు చూడనే లేదు. కుర్చీలోంచి కిందికి వంగి, చెప్పుల జత పెడుతున్నట్టు రెండు చేతులూ నేలకు ఆనించాడు.

"తొడుక్కో నాయినా. ఇంటికి పోదాం పా."

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎంత గొప్ప మనసు! నాకైతే అది తట్టేదే కాదు.

ఒక్కరోజులో మారిపోలేదు. వారం వారం ఆ దృశ్యాన్నే సాధన చేశాం. రెండు నెలల తర్వాత వచ్చి, బస్సు ఆలస్యమైందని ఒకాయన మళ్లీ 'ఏంరా' అన్నాడని చెప్పాడు. ఏం చేశారని అడిగాను.

"నాయిన చెప్పులు తొడుక్కున్నడా లేదా అని చూసుకున్న మేడం. తొడుక్కున్నడు. 'నా పేరు యాదయ్య సార్' అన్న. బండి తీసిన."

అతని ఉద్యోగం నిలిచింది. నాకూ ఒక బుద్ధి వచ్చింది. ఎదుట కూర్చున్న మనిషి నేనడిగినదానికి పొంతన లేని మాట అన్నాడనిపిస్తే, ఇప్పుడు కాసేపు ఆగుతాను. చెప్పులన్నా సరే.