పడవల ప్రకటన చదివిన మునస్వామి

కరోనా తగ్గిన మరుసటి ఏడాది, డిసెంబరు నెల. సూళ్లూరుపేట బస్టాండు దగ్గర నా కళ్లద్దాల షాపు. కళ్లు పరీక్షించి పవర్ నిర్ణయించే ఆప్టోమెట్రిస్టుగా అప్పటికి ఇరవై ఏళ్ల అనుభవం నాది. అంత అనుభవం ఉన్నా కోపం మాత్రం ముక్కు మీదే ఉండేది.

ఒక ఉదయం పులికాట్ ఒడ్డు పల్లె నుంచి మునస్వామి, ఆయన భార్య చెంగమ్మ వచ్చారు. ఆయనకు అరవై దాటాయి. జీవితమంతా సరస్సులో రొయ్యలు పట్టినవాడు. గోడ మీది అక్షరాల చార్టు చూపించి చదవమన్నాను.

“ఆ గోడ మీదివి ఎవురిక్కావాలమ్మా! నా కాడ మా పడవల పండగే ఉండాది,” అంటూ జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులో పసుపు రంగుకు తిరిగిన పాత పేపరు ప్రకటనలు. వాళ్ల ఒడ్డున ఏటా పడవల ప్రదర్శన జరిగేదట, చాన్నాళ్ల కిందట ఆగిపోయిందట. ఒక కాగితం విప్పి గొంతెత్తాడు.

“రండి, చూడండి! కొత్త పడవలు, కొత్త వలలు, కొబ్బరిపీచు మోకులు! మూడు గంటలకు తెరచాప పడవల పందెం. మొదటి బహుమతి ఇత్తడి గంగాళం!”

షాపులో జనం చుట్టూ మూగారు. “ఆ దినం బస్సు టాపు మీద గూడా సోటుండేది కాదు. ఒడ్డంతా రంగు వాసన, రొయ్యల వేపుడు వాసన!” అని ఆయన చెబుతుంటే నాకే నోరూరింది.

కళ్లజోడు లేకుండానే అంత గడగడా చదివితే పరీక్షకు ఇంకేం కావాలి అనుకున్నాను. మిషన్‌లో చూస్తే ఆయనకు కావలసింది సిలిండర్ పవర్. గీతలు చెదిరి రెండేసిగా కనిపించే లోపానికి వేసే అద్దం అది. మిషన్ ఒక అంచనా ఇస్తుంది, అద్దాన్ని ఎంత తిప్పాలో తేల్చాల్సింది పేషెంటు మాటే. ఏ అద్దం పెట్టినా ఆయన “సూపర్” అన్నాడు. సరేనని జోడు చేసిచ్చాను.

వారానికి భార్యను వెంటబెట్టుకుని చిందులు తొక్కుతూ వచ్చాడు. “ఏం అద్దాలమ్మా ఇవి? ఒక్కో పడవకు ముందర రెండు మూతులు కనపడతా ఉండాయి!”

“చదివిందీ మీరే, సూపర్ అన్నదీ మీరే! ఏదీ, మళ్లీ చదవండి,” అన్నాను నేనూ తగ్గకుండా.

చేతికందిన కాగితం తీసి మళ్లీ అదే ఇత్తడి గంగాళం చదివాడు. ఈసారి నేను ఆయన వెనక నిలబడ్డాను. ఆ కాగితం మీద ఇంజను పడవ బొమ్మ ఉంది. మొదటి బహుమతి గోడ గడియారం.

“గంగాళం యాడుంది పెద్దాయనా ఇందులో?” అని నలుగురిలో అనేశాను. ఆయన గబగబా కాగితం మడిచి కవర్లో పెట్టేశాడు.

“సదువు నాది, గొంతు ఆయనది,” అంది చెంగమ్మ. “ఏటా పేపరొస్తే నేను సదివేదాన్ని. ఒక్కసారి ఇంటే సాలు, ఈయనకు అచ్చు గుద్దినట్టే.” ఈ ఏటి ప్రకటన తీసి చూపించింది. పండగ మళ్లీ మొదలవుతోంది. పందేనికి న్యాయనిర్ణేత మునస్వామి.

“నా పేరు పేపర్లో ఏసినారమ్మా,” అన్నాడాయన నేల చూస్తూ. “సదువు రాదని తెలిస్తే ఆ పేరు కొట్టేస్తారు.”

నాకు సిగ్గేసింది. తప్పు ఆయన కళ్లదీ కాదు, అబద్ధానిదీ కాదు. చదువు వచ్చా అని మెల్లగా ఒక్క మాట అడగని నాది.

లోపలి గదిలో కూర్చోబెట్టి ఈ-చార్టు పెట్టాను. అందులో ఉండేది ఇంగ్లీషు E లాంటి మూడు కాళ్ల గుర్తు ఒక్కటే, నాలుగు వైపులకూ తిప్పి ఉంటుంది. కాళ్లు ఎటు ఉన్నాయో చేత్తో చూపిస్తే చాలు.

“ఓస్, గాలి ఎటుండాదో సెప్పినట్టేగదా!” అని బొటనవేలుతో చకచకా చూపించాడు. అద్దం తిప్పుతుంటే ఈసారి సూపర్ అనలేదు. “ఇంగొంచెం... ఇంగొంచెం... ఆఁ, నిలుపు! ఒక్కటే ఉండాది!”

పందెం రోజు షాపు మూసి మరీ వెళ్లాను. రెండు పడవలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ గీత దాటాయి. పచ్చ పడవ గెలిచిందని మునస్వామి పచ్చ జెండా ఎత్తాడు. ఓడిన ఎర్ర పడవ ఆయన అల్లుడిది. అల్లుడు మోకాటి లోతు నీళ్లలోకి దూకి, “సరిగ్గా సూసినావా మామా?” అని అరిచాడు. అల్లుడి పక్కనున్న వాడొకడు అందుకున్నాడు: “ఆయన సూసేదేంది? ఆ పందెం బోర్డు మీద ఏం రాసుండాదో గూడా సదవలేడు!”

ఆ రోజు షాపులో నలుగురిలో నేనన్న మాట ఇక్కడిదాకా పాకిందా అనుకున్నాను. మునస్వామి మైకు తీసుకున్నాడు.

“నిజమే అప్పా, నాకు సదువు రాదు. బోర్డు మీద ఏముండాదో మా ఆడామెను అడగండి. ముందు దాటిన మూతి మాత్రం పచ్చదే. నా అల్లుడు మూరెడు ఎనకున్నాడు.”

ఒడ్డంతా ఈలలు. అల్లుడు బుర్ర గోక్కుని, నవ్వేసి, తనే ముందు చప్పట్లు కొట్టాడు. చెంగమ్మ మురిపెం సంగతి చెప్పక్కర్లేదు.

ఇప్పుడు నా గోడ మీద రెండు చార్టులూ పక్కపక్కనే ఉంటాయి. ఎవరొచ్చినా, లెక్చరరైనా సరే, “మీకు ఏది సులువు?” అని ముందు అడుగుతాను. కొందరు దాచుకున్న ఊపిరి వదిలి, మూడు కాళ్ల చార్టు వైపు వేలు చూపిస్తారు.